నురగ రాని ఇసుక

“ఆ రోజు ఎలా సర్దారో ఇప్పుడూ అలాగే సర్దండమ్మా. ఏదీ ముందు వెనకలు కాకూడదు,” అన్నాడు డిటెక్టివ్.

అక్కయ్య మంచం మీద ఖాళీ సంచి పెట్టుకుని కాసేపు దానివంకే చూస్తూ కూర్చుంది. అది అసలు సంచి కాదు. అసలుది పోలీస్ స్టేషన్‌లో, పిడికి నంబరు చీటీ కట్టించుకుని ఒక బల్ల మీద పడి ఉంది. ఇది పక్కింటివాళ్ళను అడిగి తెచ్చింది. గురువారం పొద్దున ఏడు గంటలకు తమ్ముడి ప్రయాణానికి సంచి సర్దిన ఆ చేతులే, మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు, ఎవరి ప్రయాణమూ లేకుండా మళ్ళీ సర్దడం మొదలుపెట్టాయి.

అడుగున రెండు చొక్కాలు, వాటి మీద ఒక ప్యాంటు. పక్కన రక్తపోటు మాత్రలు నాలుగు. మూడు రోజుల్లో వచ్చేస్తానన్నాడు కానీ బస్సు ఆలస్యమైతేనో అని తానే ఒకటి ఎక్కువ పెట్టానని చెప్పింది. ఆ పైన సన్న జల్లెడ, భూతద్దం, పది ఖాళీ ప్లాస్టిక్ కవర్లు. అన్నింటికీ చివర, పాత తువ్వాలులో చంటిబిడ్డను చుట్టినట్టు చుట్టిన చిన్న సీసా.

డిటెక్టివ్ ఆ సీసా దగ్గర ఆగాడు. అలాంటిదే ఒకటి పొద్దున స్టేషన్‌లో చూశాడు. ఏదో మందు కాబోలనుకున్నాడు.

“ఇది వెనిగర్. ఇసుక పరీక్షకి,” అంది అక్కయ్య.

ఆవిడ చెప్పుకొచ్చిన సంగతి ఇది. తమ్ముడు అద్దాల తొట్టెల్లో సముద్రపు రంగుచేపలు పెంచి అమ్ముతాడు. అడిగినవాళ్ళ ఇళ్ళల్లో, ఆఫీసుల్లో ఉప్పునీటి తొట్టెలు పెట్టి వస్తాడు. ఉప్పునీటి తొట్టెకు ఏ ఇసుక పడితే ఆ ఇసుక పనికిరాదు. పగడాల పొడీ గవ్వల పొడీ ఉన్న ఇసుకే కావాలి. అది నీళ్ళలో కొద్దికొద్దిగా కరుగుతూ నీళ్ళ గుణం చెడిపోకుండా కాపాడుతుంది. నదిలో దొరికే తెల్ల ఇసుక పక్కన పెడితే మామూలు కంటికి రెండూ ఒకటే. రెండు చుక్కలు వెనిగర్ వేస్తే మాత్రం పగడపు ఇసుక బుసబుసమని నురగ కక్కుతుంది. నది ఇసుక ఉలకదు పలకదు. తమ్ముడు ఇంకొకరు తెచ్చిన ఇసుకను నమ్మేవాడు కాదు. రేవు దాకా తనే వెళ్ళి, ప్రతి గుట్టనుంచీ చిటికెడు తీసి, నురగ చూసి, జల్లెడ పట్టి, భూతద్దం కింద గింజ అంచులు చూసి మరీ ఎంచుకునేవాడు. దుకాణంలో మంచి ఇసుక గుప్పెడు కూడా మిగలలేదని, అందుకే ఈ ప్రయాణమని చెప్పాడట.

“సీసా ఎంత నింపారు?”

“మెడదాకా. మూడేళ్ళుగా నేనే నింపుతున్నాను. వచ్చేటప్పటికి ఎప్పుడూ ఖాళీయే.”

డిటెక్టివ్ తన నోటుపుస్తకంలో ఆ మాట రాసుకుని కింద గీత గీశాడు. ఆయన ముప్పై ఏళ్ళు ఒక బట్టల మిల్లులో టైమ్‌కీపర్‌గా చేసినవాడు. గేటు లోపలికి వచ్చినవాళ్ళ సంఖ్యకూ బయటికి వెళ్ళినవాళ్ళ సంఖ్యకూ పొంతన కుదరకపోతే ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు. ఈ కొత్త వృత్తిలో కూడా ఆయనకు తెలిసిన విద్య అదొక్కటే.

వెళ్ళేటప్పుడు తమ్ముడు ఏమన్నాడని అడిగాడు.

“వెళ్ళొస్తానక్కా అన్నాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను బాబూ. తలెత్తి చూడలేదు. బస్సు తప్పిపోతుంది, నడు నడు అన్నాను. అంతే అన్నాను. ఇంకో మాట లేదు.” ఆవిడ సంచి నోరు మూసి, మళ్ళీ తెరిచి, సీసా నిటారుగా ఉందో లేదో చూసింది. “మా అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. అప్పటినుంచీ నా దగ్గరే. ఆ ఇన్‌స్పెక్టరు గారు వాడు నా పోరు పడలేక పోయాడంటున్నారు. మీరు నాకు ఒక్కటి తేల్చి చెప్పండి చాలు. వాడు నన్ను వదిలేసి వెళ్ళాడా, కాదా?”

ఇలాంటి ప్రశ్నకు ఊరడింపు మాట చెప్పడం సులువు. డిటెక్టివ్ చెప్పలేదు. వంటింట్లోంచి కాస్త వెనిగర్ ఇమ్మని అడిగి, ఒక మందుల డబ్బాలో పోయించుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. దుకాణంలో ఆరడుగుల తొట్టెలో ఒక చేప ఉంది, దానికి నిద్రముఖం అని పేరు పెట్టాడు తమ్ముడు. సాయంత్రం ఆరు కొట్టేసరికి అది ఇసుకలోకి దూరి పడుకుంటుంది. “నిద్రముఖం పడుకుందక్కా, నేను బయల్దేరుతున్నాను” అని రోజూ ఫోన్ చేసేవాడు. ఆవిడ అప్పుడు అన్నం పొయ్యి మీద పెట్టేది.

దుకాణం పక్కన దర్జీ కుట్టుమిషన్ ఉంది. డిటెక్టివ్ ముందు అక్కడ పావుగంట కూర్చుని, ఆయన చెప్పినవన్నీ గంటలతో సహా రాసుకున్నాడు. సరిగ్గా రెండింటికి దుకాణంలో అడుగు పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు అప్పటికే అక్కడ స్టూలు మీద కూర్చుని కాగితం రాయిస్తున్నాడు.

“రండి గడియారం గారూ. రెండంటే రెండే. మీ మిల్లు సైరన్‌కి కూడా ఇంత కచ్చితం ఉండేది కాదేమో.”

“సైరన్ ఎప్పుడూ ఒక నిమిషం ఆలస్యమేనండీ,” అన్నాడు డిటెక్టివ్.

ఎదురుగా నిలబడి ఉన్నది అద్దాలాయన. తమ్ముడికి చిన్ననాటి స్నేహితుడు, దుకాణంలో భాగస్తుడు. అద్దం కోసి, అంచులు అరగదీసి, జిగురు పెట్టి తొట్టె చేయడం ఈయన పని. దానిలో ఇసుక, నీళ్ళు, ప్రాణం పోయడం తమ్ముడి పని. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదని మొదటి రోజే అనుకున్నారట. మనిషి ఐదు రోజుల్లో చిక్కిపోయాడు. అరచేతికి గుడ్డ కట్టు ఉంది. అద్దం పనిలో అది మామూలేనన్నాడు.

సాయంత్రం ఐదు లోపల ఫైలు మూసేస్తున్నానని ఇన్‌స్పెక్టరు ముందే చెప్పేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మగవాడు తన ఇష్టంతో ఇల్లు విడిచి వెళ్ళాడు, సంచి ఆ రాత్రే బస్టాండ్ బెంచీ కింద దొరికింది, దానికి వేరే అర్థం లేదన్నాడు. ఇంకో సంగతి కూడా డిటెక్టివ్‌కు అక్కడే తెలిసింది. ఆరడుగుల తొట్టెను ఎవరో హోటలువాళ్ళు కొనుక్కున్నారు. నాలుగింటికి వ్యాను వస్తుంది.

“సంచిలో మాత్రలు నాలుగూ ఉన్నాయి,” అన్నాడు డిటెక్టివ్.

“మాత్రలు ఎక్కడైనా దొరుకుతాయి. అక్క చాటునుంచి బయటపడే ధైర్యమే ఎక్కడా దొరకదు. ఇన్నేళ్ళకి కూడగట్టుకున్నాడు పాపం.”

డిటెక్టివ్ నోటుపుస్తకం తెరిచాడు. అద్దాలాయన వైపు తిరిగి గంటలు అడిగాడు. ఆయన తడుముకోకుండా చెప్పాడు. తమ్ముడు ఎనిమిదింపావుకి వచ్చాడు. చేపలను చూసుకున్నాడు. ఎనిమిది నలభైకి సంచి భుజాన వేసుకుని బస్టాండుకు నడిచిపోయాడు. శుక్రవారం తాను దుకాణం తెరవలేదు, ఎందుకంటే సంచి దొరికిందని తెలిసి స్నేహితుణ్ణి వెతుకుతూ తిరిగాడు. శనివారం నుంచి మామూలే. పెద్ద తొట్టె మూడేళ్ళ కిందటిదనీ, అందులో ఇసుక కూడా అప్పుడు తమ్ముడు పోసిందేననీ, తాను దాని జోలికే పోననీ అన్నాడు.

డిటెక్టివ్ దుకాణమంతా ఒకసారి తిరిగాడు. వీధి గుమ్మం ఒక్కటే. వెనక గదికి కిటికీ తప్ప బయటికి తలుపు లేదు. వెనక గదిలో అద్దాలు కోసే పొడుగాటి బల్ల, జిగురు గొట్టాలు, మూల నిలబెట్టిన చెక్క పలకలు. ముందు గదిలో వరసగా తొమ్మిది చిన్న తొట్టెలు, చివర ఆరడుగులది. తొట్టెల్లోకి గాలి పంపే మరలు సన్నగా గురగురలాడుతున్నాయి.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చిన్న తొట్టెల్లో ఇసుకను అద్దం పక్కనుంచి చూశాడు. తొమ్మిదింటిలోనూ ఒకటే తీరు. పైన తెలుపు, దాని కింద లేత ఆకుపచ్చ గీత, ఇంకా కింద పాత టీ మరకలాంటి గోధుమ రంగు. కదపకుండా ఏళ్ళు గడిచిన ఇసుకకు అలా చారలు పడతాయని అక్కయ్య చెప్పనక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది. పెద్ద తొట్టె దగ్గరికి వచ్చి మళ్ళీ వంగాడు. ఇసుక పైనుంచి అడుగుదాకా ఒకటే తెలుపు, ఉతికి ఆరేసిన దుప్పటిలాగ. దాని మీద మూలన ఒక పసుపు చేప పక్కకు ఒరిగి పడుకుని ఉంది. బతికే ఉంది. ఇసుకలోకి దూరబోయినట్టు మూతి కింద చర్మం గీరుకుపోయింది.

“నిద్రముఖం ఇదేనా?” అని అడిగాడు.

అద్దాలాయన అవునన్నట్టు తల ఆడించాడు.

“పడుకుంటే ఇసుకలోకి దూరి పడుకోవాలి కదా. మీద పడుకుందేం?”

జబ్బు చేసి ఉంటుందని అద్దాలాయన అన్నాడు. ఇన్‌స్పెక్టరు నవ్వి, చేప వాంగ్మూలం కూడా తీసుకుంటారా అని అడిగాడు. డిటెక్టివ్ లేచి, గోడకున్న అరలోంచి ఒక గాజు సీసా దించాడు. ఆ అరలో పది సీసాలు ఉన్నాయి. ఏ తొట్టెలో ఏ ఇసుక పోసినా చారెడు తీసి సీసాలో దాచి, మీద తొట్టె గుర్తూ తేదీ రాసి పెట్టడం తమ్ముడి అలవాటు. ఈ సీసా మీద ‘పెద్ద తొట్టె’ అని, మూడేళ్ళ కిందటి తేదీతో సహా గుండ్రటి అక్షరాలతో ఉంది.

రెండు పింగాణీ మూతలు తీసుకుని ఒకదానిలో సీసాలోని ఇసుకా, రెండోదానిలో గరిటెతో తొట్టెలోంచి తీసి మంచినీళ్ళతో కడిగిన ఇసుకా పోశాడు. పక్కపక్కన పెడితే అవి కవల పిల్లల్లా ఉన్నాయి. మందుల డబ్బా మూత తీసి మొదటిదాని మీద రెండు చుక్కలు వేశాడు. ఇసుక బుసబుసలాడుతూ తెల్లగా నురగ కట్టింది. రెండోదాని మీద రెండు చుక్కలు వేశాడు. తడిసింది, అంతే. ఇంకో నాలుగు వేశాడు. ఉలకలేదు, పలకలేదు.

ఇన్‌స్పెక్టరు స్టూలు మీదనుంచి ముందుకు వంగాడు కానీ గొంతు మార్చలేదు. “ఇసుక మారింది. మారితే? ఇసుక మార్చడం ఏ సెక్షన్ కింద నేరమో చెప్పండి, రాసుకుంటాను.”

“నేరం కాదండీ. ఎప్పుడు మారిందన్నదే నాకు కావాలి. మంచి ఇసుక గుప్పెడు కూడా లేదనే ఆ మనిషి ప్రయాణం కట్టాడు. అంటే గురువారం తర్వాత ఈ తొట్టెలో ఇసుక పోయాల్సి వచ్చినవాళ్ళకి నది ఇసుకే గతి.”

“వాడు ఏం పోశాడో నాకేం తెలుసు?” అన్నాడు అద్దాలాయన. “ఇసుక ఇసుకే కదా.”

ఆ మాట ఆయన నోటినుంచి ఎంత అలవాటుగా వచ్చిందంటే, ఈ గదిలో అది ఇంతకుముందు చాలాసార్లు వినిపించి ఉంటుందనీ, విన్న మనిషి ప్రతిసారీ నొచ్చుకుని ఉంటాడనీ డిటెక్టివ్‌కు అనిపించింది.

ఆయన తొట్టె పై మూలకు వచ్చి, రెండు అద్దాలు కలిసే చోట జిగురును బొటనవేలి గోటితో నొక్కాడు. తర్వాత చిన్న తొట్టె జిగురును నొక్కాడు. చిన్నది రాయిలా ఉంది, పసుపు తిరిగింది. పెద్దది మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకి లేచింది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి, ఇన్‌స్పెక్టరును కూడా చూడమన్నాడు.

ఇన్‌స్పెక్టరు విసుగ్గా లేచి వచ్చి వంగాడు. “వెనిగర్,” అన్నాడు.

“నా చేతిలో డబ్బాది కాదు. జిగురుది. ఈ జిగురు ఆరేదాకా ఇదే వాసన. వెనక గదిలో మూత తీసిన గొట్టం ఉంది, అదీ చూడండి. శుక్రవారం మూసిన తలుపు సందులోంచి ఈ వాసన గుప్పుమని వచ్చిందట, దర్జీ చెప్పాడు. ఏమిటని శనివారం అడిగితే ఈయన, స్నేహితుడి వెనిగర్ సీసా జారిపడి పగిలిందన్నాడట.” డిటెక్టివ్ నోటుపుస్తకం తెరవకుండానే చెబుతున్నాడు. “సీసా పగల్లేదు. మీ బల్ల మీద ఉంది, మెడదాకా నిండుగా, తువ్వాలులో. జాబితాలో మీరే రాశారు.”

ఇన్‌స్పెక్టరు జేబులోంచి మడత కాగితం తీసి చూసుకున్నాడు. ఏడో వరస. తన చేతిరాతే. ఆయన ఇంక స్టూలు మీద కూర్చోలేదు.

తొట్టె కొత్తది అని డిటెక్టివ్ నిదానంగా చెప్పుకుపోయాడు. పాతది గురువారం పగిలింది. ఎనిమిదిన్నరకు గిన్నెల అలమర కూలినంత చప్పుడు దర్జీ విన్నాడు. పలక జారిందని జవాబొచ్చింది. మెట్ల మీదికి నీళ్ళు వచ్చాయి, ఆరాక తెల్లగా ఉప్పు తేలింది. పగిలిన తొట్టె స్థానంలో అదే కొలతకు, వేలెడు తేడా లేకుండా, కొత్త తొట్టె కట్టగలిగినవాడు ఇక్కడ ఒక్కడే. అద్దం పని అంత బాగా వచ్చినవాడు దానిలో పోసే దగ్గర మాత్రం ఎప్పుడూ పట్టించుకోని పొరపాటే చేశాడు.

“తొట్టె పగిలితే పగిలిందని చెప్పొచ్చు కదయ్యా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు అద్దాలాయనతో. ఈసారి గొంతు మారింది. “దాచడం ఎందుకు?”

అద్దాలాయన నిద్రముఖం వంక చూస్తున్నాడు.

“నేను మిల్లు గేటు దగ్గర పనిచేసినవాణ్ణి,” అన్నాడు డిటెక్టివ్. “లోపలికి వెళ్ళినవాడు బయటికి రావాలి. దర్జీ ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుమ్మం పక్కనే ఉన్నాడు, అన్నం కూడా అక్కడే తిన్నాడు. తమ్ముడు లోపలికి వెళ్ళడం చూశాడు. బయటికి రావడం చూడలేదు. ఆ రోజు ఈ గుమ్మం దాటి బయటికి వెళ్ళింది ఒక్కటే, మూడు గంటలకి, అద్దాలు పంపే చెక్కపెట్టె. వ్యానులోకి ఎక్కించడానికి దర్జీ కూడా ఒక చెయ్యి వేశాడు. అద్దం ఇంత బరువేమిటని అడిగితే, ఇసుక కూడా పెట్టానన్నారు మీరు.” ఆయన పింగాణీ మూత చేతిలోకి తీసుకున్నాడు. “పాత ఇసుక ఎక్కడుంది బాబూ?”

తర్వాత అద్దాలాయన నేల మీద చతికిలబడ్డాడు. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు. రెండు నెలల కిందట తమ్ముడికి జ్వరం వచ్చి మంచం పట్టినప్పుడు, పళ్ళ డాక్టరు గారి తొట్టెలో ఇసుక తనే పోశాడు. పక్క వీధిలో ఇల్లు కడుతున్నచోట తెల్లగా కనబడితే తెచ్చేశాడు. అందులో ఇనుప తుప్పు ఉంది. నెల తిరక్కుండా చేపలన్నీ పోయాయి. డాక్టరు గారు అందరి ముందూ తమ్ముణ్ణి తిట్టారు. తమ్ముడు మారుమాట్లాడకుండా పడ్డాడు. గురువారం మాత్రం, కొత్త ఇసుక తెచ్చి పోసేటప్పుడు డాక్టరు గారికి నిజం చెప్పేస్తానన్నాడు.

“నా పరువు పోతుంది, చెప్పొద్దురా అని బతిమాలాను. నా చేతుల్లో చావాల్సిన చేపలు కావురా అవి అన్నాడు. ఇసుక ఇసుకే కదరా అన్నాను నేను. నవ్వాడు. తోశాను. ఒక్కసారే తోశానండీ.” ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. “ప్రతి అంచూ అరగదీస్తాను నేను. ఎవరికీ గీరుకోకూడదని. ఆ వెనక మూల ఒక్కటీ గోడవైపు ఉంటుంది కదా అని వదిలేశాను. తొట్టె పగిలి వాడు దాని మీదే పడ్డాడు.”

సంచిని కూడా పెట్టెలోనే బయటికి చేర్చి, ఆ సాయంత్రం తనే బస్టాండు బెంచీ కింద పెట్టి వచ్చానని చెప్పాడు. పెట్టె ఎక్కడుందో కూడా చెప్పాడు, ఊరి చివర పాత అద్దాల షెడ్డులో. చేపల్ని రెండు రోజులు చిన్న తొట్టెల్లో సర్ది బతికించుకున్నానన్నాడు. వాడికి ఇష్టమైనవి కదా అన్నాడు.

నాలుగింటికి హోటలువాళ్ళ వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరు దాన్ని వెనక్కి పంపేశాడు. షెడ్డుకు మనుషుల్ని పంపి ఫోన్ చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఐదూ పదికి అది మోగింది. ఆయన విన్నాడు, రెండుసార్లు ఊఁ అన్నాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“ఆవిడకి మీరే చెప్పండి మాస్టారూ. నేను ఆవిడ దగ్గర అనకూడని మాటలన్నాను.”

డిటెక్టివ్ ఆ ఇంటికి వెళ్ళేసరికి ఆరు కావస్తోంది. అక్కయ్య అన్నం పొయ్యి మీద పెట్టి కూర్చుంది. మంచం మీద పక్కింటివాళ్ళ సంచి సర్దినది సర్దినట్టే ఉంది. నోరు మూసి, పిడి ఇటువైపు తిప్పి, ఎవరైనా వచ్చి అందుకుంటారన్నట్టు. ఆయన ముఖం చూసి ఆవిడ లేచి నిలబడింది, ఏమీ అడగలేదు. అడగాల్సింది మధ్యాహ్నమే అడిగేసింది.

“వదిలేసి వెళ్ళలేదమ్మా,” అన్నాడు ఆయన.

ఆవిడ తల ఊపింది. పొయ్యి ఆర్పింది. మంచం దగ్గరికి వచ్చి సంచి తెరిచి తువ్వాలులోంచి సీసా తీసి కిటికీలో పెట్టింది. తర్వాత కవర్లు, భూతద్దం, జల్లెడ, ప్యాంటు, చొక్కాలు, సర్దిన వరసకు వెనకనుంచి ఒక్కొక్కటే తీసింది. మాత్రలు నాలుగూ అరచేతిలో పెట్టుకుని మూసుకుంది.

తమ్ముడు గురువారం పొద్దున ఎనిమిది గంటలకు ఇల్లు దాటాడు. ఎనిమిదిన్నరకు చనిపోయాడు. తిరిగి రాలేదు.